ఆరుగురు వంటవాళ్లు, చిన్న పోపుల పెట్టె: ఒక గేమింగ్ పీసీకి ప్రాసెసర్ మార్చిన కేసు

2024 ఎండాకాలంలో మా షాపుకొచ్చిన కేసు ఇది. కంప్యూటర్లు అసెంబుల్ చేయడం, బాగుచేయడం నా పని. హైదరాబాద్‌లో చిన్న షాపు, నేనూ ఇంకో కుర్రాడూ ఉంటాం. ఇలాంటి కేసులు నెలకు నాలుగైదు వస్తాయి. అన్నీ రాయను. దీన్ని రాయడానికి కారణం, సగం దూరం సరిగ్గా నడిచి, ఆ తర్వాత నేనే తప్పు ప్రాసెసర్ కొనిపించాను. అది ఎలా జరిగిందో రాసి పెట్టుకుంటే నాకూ మంచిది, ఈ పనిలో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. ఇంటివాళ్ల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

నేపథ్యం

ఆ పీసీ ఇద్దరిది. తమ్ముడు ఇంజినీరింగ్ రెండో ఏడు, సాయంత్రమైతే సీఎస్‌2 (కౌంటర్-స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేమ్), అప్పుడప్పుడు వాలరెంట్, సెలవుల్లో సైబర్‌పంక్. అక్క పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నెలకు కొంత సంపాదిస్తుంది. డబ్బు పెట్టేది నాన్న.

మెషిన్ 2019లో కొన్నది. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు రెండు, బాక్స్‌తో వచ్చిన చిన్న కూలర్. గ్రాఫిక్స్ కార్డు మొదట్లో జీటీఎక్స్ 1050 టీఐ. ఏడాది కిందట దాన్ని తీసేసి ఆర్‌టీఎక్స్ 3060 పెట్టారు, అప్పుడే 144 హెర్ట్జ్ మానిటర్ కూడా కొన్నారు. అసలు గొడవ అక్కడే మొదలైంది. కొత్త కార్డుతో సైబర్‌పంక్ బాగా మారింది. సీఎస్‌2 మాత్రం ఉన్నచోటే ఉంది.

నాన్న కుర్చీలో కూర్చోకుండానే అన్న మొదటి మాట: "ఈ డబ్బా మీద ఇప్పటికే లక్ష పోసినం. ఇంకెంత కావాలంటడు వీడు?"

ఏం చెప్పారు, అసలేం ఉంది

కుర్రాడి, అంటే తమ్ముడి, ఫిర్యాదు ఒక్క మాట: "ల్యాగ్ వస్తోంది అన్నా." మందు కూడా తనే తెచ్చుకున్నాడు: "5700ఎక్స్3డీ పెట్టేయండి." అదొక ఖరీదైన గేమింగ్ ప్రాసెసర్.

ల్యాగ్ అనే మాట మా పనిలో జ్వరం లాంటిది. జ్వరమని వచ్చినవాడికి మలేరియా కావచ్చు, వైరల్ కావచ్చు, పన్ను వాచి ఉండొచ్చు. అందుకని అతన్ని మెషిన్ ముందు కూర్చోబెట్టి, ఆడమని, ల్యాగ్ వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తమన్నాను. నలభై నిమిషాల్లో తొమ్మిదిసార్లు ఎత్తాడు. ఆ తొమ్మిదీ ఒక రకం కాదు.

రెండుసార్లు స్క్రీన్ మీద పింగ్ (గేమ్ సర్వర్‌కు వెళ్లి రావడానికి నెట్ తీసుకునే సమయం) అంకె ఒక్కసారిగా ఎగిరింది. అది నెట్. మా షాపు వైఫై మహిమ అనుకోండి, ఇంట్లోనూ రూటర్ హాల్లో, పీసీ లోపలి గదిలో ఉందట. ప్రాసెసర్‌కు దీనితో సంబంధం లేదు.

ఒకసారి మొత్తం మెషిన్ అర సెకను బిగుసుకుపోయింది, హెడ్‌ఫోన్‌లో శబ్దం కూడా జీరబోయింది. "ఇది యూట్యూబ్ చూస్తున్నప్పుడు కూడా వస్తుందా?" అని అడిగితే, వస్తుందన్నాడు. రోజుకు మూడు నాలుగుసార్లు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. గేమ్ లేనప్పుడు కూడా వచ్చే జబ్బును గేమింగ్ ప్రాసెసర్ నయం చేయదు.

మిగతా ఆరూ పొగ బాంబులు పడ్డప్పుడో, నలుగురైదుగురు ఒకేచోట కాల్చుకుంటున్నప్పుడో వచ్చినవి. నాకు కావలసిన జబ్బు ఇది. కొత్త ప్రాసెసర్‌తో నయమయ్యే అవకాశం ఉన్నది ఈ ఒక్కటే.

ఆ మధ్యాహ్నమే కొత్త చిప్ అమ్మేసి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఆరు పోయి మూడు మిగిలేవి. "పాతిక వేలు పెట్టినా ల్యాగ్ పోలేదు" అనే మాట కాలనీ అంతా తిరిగేది.

ఎక్కడ ఇరుక్కుందో కొలవడం

వాళ్ల చిన్నాన్న ఎవరో సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారట. ఆయన వీడియో కాల్‌లో టాస్క్ మేనేజర్ చూసి, "సీపీయూ యాభై శాతమే వాడుతోంది, ప్రాసెసర్ ప్రాబ్లం కానే కాదు, ర్యామ్ పెంచండి" అని తేల్చారు. చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. 2600లో ఆరు కోర్లు (పనిచేసే భాగాలు), పన్నెండు థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు). గేమ్‌లో అసలు భారం మోసేది ఒకటి రెండు థ్రెడ్‌లు. అవి ఊపిరాడకుండా పనిచేస్తూ మిగతావి ఖాళీగా కూర్చుంటే సగటు యాభై శాతమే కనిపిస్తుంది. బ్యాంకులో ఆరు కౌంటర్లున్నా క్యాష్ కౌంటర్ దగ్గరే క్యూ ఉంటే, "బ్యాంకు సగం ఖాళీగా ఉంది" అనడం నిజమే, కానీ క్యూలో నిలబడ్డవాడికి ఆ నిజంతో పని లేదు.

అందుకని చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు ఎంత పనిచేస్తోందో. సీఎస్‌2లో అది 55 నుంచి 60 శాతం మధ్య ఆడుతోంది. అంటే కార్డు చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. సైబర్‌పంక్‌లో 97, 98 శాతం. అక్కడ కార్డే చెమటోడుస్తోంది.

ఖాయం చేసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది, నయాపైసా ఖర్చు లేదు. రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించాలి. గీయాల్సిన చుక్కలు సగానికన్నా తగ్గుతాయి కాబట్టి కార్డు పని తేలికవుతుంది, ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. సైబర్‌పంక్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేమ్‌లు) గట్టిగా పెరిగింది. సీఎస్‌2లో కదల్లేదు. కార్డు భారం తగ్గించినా వేగం పెరగలేదంటే అడ్డుపడుతున్నది ఇవతలి వైపే.

ఒకే మెషిన్, రెండు గేమ్‌లు, రెండు వేర్వేరు సంకెళ్లు. కుర్రాడికి ఇది చూపించి ముందే చెప్పాను: ప్రాసెసర్ మారిస్తే సీఎస్‌2, వాలరెంట్ బాగుపడతాయి, సైబర్‌పంక్‌లో పెద్ద తేడా రాదు. ఈ మాట డబ్బు చేతులు మారకముందే అనాలి. తర్వాత అంటే సాకులా వినిపిస్తుంది.

సీఎస్‌2 కోసం స్టీమ్ వర్క్‌షాప్‌లో దొరికే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే) మ్యాప్‌ను మూడుసార్లు నడిపి అంకెలు రాసుకున్నాను. సగటు 118 ఎఫ్‌పీఎస్. అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌లు 52. నేను నమ్మేది ఈ రెండో అంకెనే. 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ అడుగుతుంది. 52 దగ్గర బొమ్మ రావడానికి 19 మిల్లీసెకన్లు పడుతోంది. సగటు ఎంత బాగున్నా చేతికి తెలిసేది ఆ 19.

పైసా ఖర్చు లేకుండా చేసినవి

ముందు మూత తీశాం. పీసీ పక్కనే దేవుడి అరమర ఉందట, ప్రతి శుక్రవారం సాంబ్రాణి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మామూలు దుమ్ములా ఊదితే పోయేది కాదు, నూనె జిడ్డులా అంటుకుంది. శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాం. వేడి పది డిగ్రీల పైనే తగ్గింది. ఎఫ్‌పీఎస్ ఎంత పెరిగిందంటే, చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. వేగం తగ్గించుకునేంత వేడికి ఆ చిప్ ఎప్పుడూ చేరలేదు. శుభ్రం చేయడం మంచిదే, కానీ దాన్ని వైద్యం కింద రాయకూడదు.

తర్వాత ర్యామ్. చిన్నాన్న చెప్పింది కారణం తప్పైనా, చోటు మాత్రం కాస్త దగ్గరగానే ఉంది. 16 జీబీ చాలు, సామర్థ్యం సమస్య కాదు. కానీ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో (మెషిన్ లోపలి వివరాలు చూపే సాఫ్ట్‌వేర్)లో చూస్తే సింగిల్ చానెల్ అని వస్తోంది! స్టిక్‌లు రెండున్నాయి కదా అని మళ్లీ మూత తీశాను. 2019లో అసెంబుల్ చేసినవాళ్లు ఎవరోగానీ రెండిటినీ పక్కపక్కన, ఒకటి రెండు స్లాట్లలో గుచ్చారు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో వెళ్తాయి. ఐదేళ్లుగా ఈ మెషిన్ ఒంటికాలి మీద నడిచింది. పైగా 3200 స్పీడ్ స్టిక్‌లు 2400 దగ్గర ఉన్నాయి, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌కు తెచ్చే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఎవరూ ఆన్ చేయలేదు.

స్టిక్‌లు సర్ది ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే బూట్ అయింది కానీ, రాత్రంతా మెమరీ టెస్ట్ పెడితే పొద్దున ఎర్రర్లు. 2600కు ఏఎండీ వాళ్లు చెప్పిన అధికారిక హద్దు 2933. అక్కడికి దించితే నిలబడింది. రైజెన్‌లో ర్యామ్ వేగంతోపాటే చిప్ లోపలి దారుల వేగం కూడా మారుతుంది కాబట్టి, దీని ఫలితం ఇంటెల్ మెషిన్లలో కన్నా ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. కొత్త అంకెలు: సగటు 139, ఒక శాతం 63.

ఇక శబ్దంతో సహా బిగుసుకుపోయే జబ్బు. విండోస్ 11 కోసం కుర్రాడు 2021లో బయోస్ (మెషిన్‌ను లేపే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఎఫ్‌టీపీఎం (తాళంచెవులు దాచే భద్రతా ఏర్పాటు) ఆన్ చేశాడు. కొన్ని రైజెన్ మెషిన్లలో ఎఫ్‌టీపీఎం ఉండుండి మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడుతూ మొత్తం సిస్టమ్‌ను క్షణకాలం ఆపేస్తుందని ఏఎండీయే 2022 మార్చిలో ఒప్పుకుంది. మందు ఏజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 ఉన్న బయోస్. ఎఫ్‌టీపీఎం ఆపేస్తే సరిపోదా అంటే, విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే అది ఉండాల్సిందే.

బయోస్ అప్‌డేట్ కరెంటు పోని వేళ, యూపీఎస్ మీద చేశాం. అంతా బాగానే అయింది. రీస్టార్ట్ కాగానే నీలి తెర, 48 అంకెల రికవరీ కీ అడుగుతూ. అక్క తన క్లయింట్ల వీడియోల కోసం బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే విండోస్ తాళం) పెట్టుకుంది, ఆ సంగతి తమ్ముడికి తెలియదు, నేను అడగలేదు. బయోస్ మారగానే టీపీఎంకు అది కొత్త ఇల్లులా కనిపిస్తుంది, తాళం తీయదు. డెలివరీకి రెండు రోజులున్న పెళ్లి వీడియో అందులో ఉందని ఆ అమ్మాయి ఫోన్‌లో చెబుతుంటే నాకు అరచేతులు తడిశాయి. అరగంట టెన్షన్ తర్వాత ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే కీ దొరికింది. దొరక్కపోతే ఆ వీడియో పోయినట్టే, అందులో నేను చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

అప్పటికి ఏమీ కొనకుండా మెషిన్ ఇంటికి పంపేశాను. వారం వాడి చూడమన్నాను. నాన్న చాలా సంతోషించారు. "బాగైపోయింది కదా, ఇంక ప్రాసెసర్ ఎందుకు?" అన్నారు.

ఏ చిప్?

వారం తర్వాత ముగ్గురూ వచ్చారు. బిగుసుకుపోవడం పూర్తిగా పోయింది. గొడవల మధ్య పడిపోవడం తగ్గింది, పోలేదు. 63 ఎక్కడ, 144 ఎక్కడ. నాన్న అడిగిందానికి నా జవాబు ఇది: అవసరమైతే కాదు, సరదా. కానీ మానిటర్‌కూ కార్డుకూ పెట్టిన డబ్బు ఇప్పుడు సగం నిద్రపోతోంది, పదిహేను వేల లోపల దాన్ని లేపొచ్చు. ఆయన పదిహేనుకు ఒప్పుకున్నారు. అదే హద్దు.

కొత్త ప్లాట్‌ఫామ్ మాట నిమిషంలో తేలిపోయింది. ఏఎండీ వాళ్ల కొత్త సాకెట్ (చిప్ కూర్చునే గూడు) ఏఎం5కు వెళ్తే బోర్డు మార్చాలి, డీడీఆర్5 కొనాలి. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ అయితే ఇదే ర్యామ్ వాడొచ్చు కానీ బోర్డు ఖర్చు తప్పదు. ఉన్న పాత ఏఎం4 సాకెట్ బోర్డులోనే రెండు తరాలు దాటి వెళ్లే వీలున్నప్పుడు ఆ డబ్బు బోర్డు మీద పోయడం దండగ.

ఆ బోర్డులో పట్టే 5000 సిరీస్ చిప్‌లే ఎందుకు అంటే, నాన్నకు చెప్పిన పోలిక ఇక్కడా చెబుతాను. కోర్ అంటే వంటవాడు. ఎల్3 క్యాష్ అంటే పొయ్యి పక్కనున్న పోపుల పెట్టె. ర్యామ్ అంటే వీధి చివర కిరాణా కొట్టు. ఆవాలు పెట్టెలో ఉంటే చెయ్యి చాపితే చాలు. లేకపోతే పొయ్యి మీద నూనె కాగుతూ ఉంటుంది, మనిషి కొట్టుకు పరిగెత్తాలి. 2600లో ఆరుగురు వంటవాళ్లు రెండు గదుల్లో ముగ్గురేసి ఉంటారు, గదికో 8 ఎంబీ పెట్టె. పక్కగది పెట్టెలో ఉన్నది కావాలంటే వరండా దాటాలి. 2020 చివర్లో వచ్చిన జెన్ 3 (ఆ 5000 సిరీస్ చిప్‌ల డిజైన్)లో గోడ కొట్టేశారు. రైజెన్ 5 5600లో అదే ఆరుగురు, కానీ ఒకే వంటగది, అందరికీ కలిపి 32 ఎంబీ పెట్టె. గేమ్‌లో వంటవాళ్ల సంఖ్య కన్నా పరుగులు తగ్గడమే పెద్ద లాభం. ఎక్స్3డీ చిప్‌లలో ఆ పెట్టె 96 ఎంబీ. కుర్రాడు అడిగింది అందుకే.

అతని వాదన తీసిపారేసేది కాదు. "ఏఎం4కి ఇదే ఆఖరి బస్సు అన్నా, ఎక్కితే ఏసీలోనే ఎక్కాలి, మళ్లీ దొరకదు." ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కానీ అప్పట్లో 5700ఎక్స్3డీ ఇరవై రెండు వేల పైన ఉంది. 3060 కార్డుతో, 144 హెర్ట్జ్ మానిటర్‌తో ఆ అదనపు పెట్టెలో సగం వాడకుండానే ఉంటుంది. 240 హెర్ట్జ్ మానిటర్ ఉండి, టోర్నమెంట్లు ఆడేవాడైతే నేనే అప్పు చేసి కొనమనేవాణ్ని. వాడిన 5800ఎక్స్3డీ ఒకటి బిల్లు లేకుండా తక్కువకు వస్తుందని కూడా తెచ్చాడు. ఏఎం4 చిప్ కింద 1331 పిన్నులుంటాయి. ఫోటోలో అన్నీ నిటారుగానే కనిపిస్తాయి. వద్దన్నాను.

మిగిలింది 5600, సుమారు పన్నెండు వేలు. దాన్ని రాయబోతుంటే అక్క అడిగింది: "నాకు ఎక్స్‌పోర్ట్ చాలా టైం పడుతుంది అన్నా, ఎక్కువ కోర్లుంటే మంచిది కదా?" న్యాయమైన మాట. ఆ సాయంత్రమే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి సరుకుకు వెళ్లాను. రైజెన్ 7 5700, ఎనిమిది కోర్లు, పదిహేను వేలకు కాస్త లోపల. 5700ఎక్స్ ఎనిమిది కోర్ల చిప్ అని తెలుసు, దానిలో ఎల్3 32 ఎంబీ. ఎక్స్ లేకపోతే వేగం కొంచెం తక్కువై ఉంటుందిలే, మిగతాదంతా ఒకటే అనుకున్నాను. 5600, 5600ఎక్స్ మధ్య తేడా అంతే కదా. గేమ్‌కు గేమ్, ఎడిటింగ్‌కు రెండు కోర్లు ఎక్కువ, బడ్జెట్‌లోనే. ఇద్దరినీ మెప్పించే చిప్ దొరికిందని తెగ మురిసిపోయాను. అక్కడ తెచ్చిన బాక్స్ మీద ఎక్స్ లేదన్న సంగతి నాకు తెలుసు. ఎక్స్ లేకపోతే ఇంకేం లేదో చూడలేదు.

పప్పులో కాలు

చిప్ మార్చే పని మామూలే. కూలర్ లాగేముందు మెషిన్‌ను పది నిమిషాలు గేమ్‌తో వేడెక్కించి, పేస్ట్ మెత్తబడ్డాక మెల్లగా తిప్పి తీయాలి. బిగుసుకున్న పేస్ట్‌తో నిటారుగా లాగితే ఏఎం4లో చిప్ సాకెట్ లోంచి కూలర్‌కు అంటుకుని వచ్చేస్తుంది. ఒకప్పుడు అలా లాగి, మెకానికల్ పెన్సిల్ మొనతో పిన్నులు నిలబెట్టుకుంటూ ఒక రాత్రి గడిపాను. ఈసారి బిట్‌లాకర్ ముందే సస్పెండ్ చేశాం. కొత్త ప్రాసెసర్ పెట్టగానే బయోస్ ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని అడుగుతుంది, తాళంచెవి చేతిలో ఉంటే వై నొక్కడానికి భయం లేదు.

బెంచ్‌మార్క్ నడిపాను. సగటు 190, ఒక శాతం 84. కుర్రాడు ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం నచ్చలేదు. ఇలాంటి కార్డుతోనే, ఇదే మ్యాప్ మీద, రెండు నెలల కిందట ఇంకో మెషిన్‌లో 5600 ఇంతకన్నా ఎక్కువ ఇచ్చింది. ఎనిమిది కోర్ల చిప్ ఆరు కోర్ల చిప్ కన్నా వెనకబడటమేంటి? ర్యామ్ చూశాను, ఈ చిప్‌తో 3200 దగ్గర హాయిగా ఉంది. వేడి చూశాను, మామూలే. చివరికి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో చిప్ పేజీ తెరిస్తే, ఎల్3 దగ్గర 16 ఎంబీ.

5700 అనేది 5700ఎక్స్‌కు నెమ్మదైన తమ్ముడు కాదు. అది వేరే కుటుంబం. లోపల గ్రాఫిక్స్ ఉండే 5700జీ ఉంది కదా, దాని గ్రాఫిక్స్ ఆపేసి అమ్మే చిప్. పోపుల పెట్టె 5600 దాంట్లో సగం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే దారి) కూడా 4వ తరం కాదు, 3 మాత్రమే. బీ450 బోర్డు ఎలాగూ 3 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆ దెబ్బ ఇక్కడ తగల్లేదు. కానీ బీ550 బోర్డు మీద, ఎనిమిది లేన్లే వాడే ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డుతో అయితే అదీ తగిలేది. డీలర్ తప్పేమీ లేదు. బాక్స్ మీద ఉన్నది 5700, నేను అడిగిందీ 5700. వంటవాళ్లను లెక్కపెట్టి కొనుక్కొచ్చాను, పెట్టె మూత తీసి చూడలేదు.

పోనీ ఎడిటింగ్‌కైనా పనికొచ్చిందా? అక్క పాత ప్రాజెక్టు ఒకటి తెచ్చి ఎక్స్‌పోర్ట్ చేయించాను. తేడా కొద్దిగానే. చూస్తే ఎన్‌కోడింగ్ అంతా 3060లోని ఎన్వెంక్ (కార్డులోని వీడియో ఎన్‌కోడర్) చేస్తోంది, ప్రాసెసర్ మీద భారం మనం అనుకున్నంత లేదు. ఫుటేజీ మొత్తం పాత హార్డ్ డిస్క్ మీద ఉంది, అదే నూరు శాతం దగ్గర మూలుగుతోంది. కుర్రాడి జబ్బును మూడు రకాలుగా విడదీసినవాణ్ని, అక్క చెప్పిన "లేటవుతోంది"ని ఒక్క నిమిషం కూడా పరీక్షించలేదు. ఆమె మందు చెప్పింది, నేను రాసిచ్చేశాను. తమ్ముడికి ఏది చేయనన్నానో అక్కకు అదే చేశాను.

ఇక్కడ ఊరుకోవచ్చు. కుర్రాడు సంతోషంగానే ఉన్నాడు, అంకెలు బాగానే పెరిగాయి, ఎవరికీ తెలియదు. నాన్నను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "మరి ఆ డబ్బులు?" అన్నారు. సీలు విప్పిన ప్రాసెసర్‌ను డీలర్ వెనక్కి తీసుకోడు. నేనే ఉంచుకున్నాను.

పనిచేసింది

మర్నాడు 5600 పెట్టాం. సగటు 212, ఒక శాతం 96. గ్రాఫిక్స్ కార్డు వాడకం 85 శాతం దాటింది, అంటే ఇప్పుడు రెండు ఎద్దులూ కలిసి లాగుతున్నాయి. ఒక శాతం అంకె 144 చేరలేదన్నది నిజం. సీఎస్‌2 అంత పట్టు చూపే గేమ్. కానీ 19 మిల్లీసెకన్లు దాదాపు పదిన్నరకు వచ్చాయి. కుర్రాడు అంకెలు చూడకుండా ఆడి, "పొగలో కూడా గురి జారడం లేదు" అన్నాడు. వాలరెంట్ మానిటర్ హద్దు దాటి ఎక్కడికో పోయింది. సైబర్‌పంక్ ముందే చెప్పినట్టు ఇంచుమించు అక్కడే ఉంది, దాని గురించి ఎవరూ అడగలేదు.

పదిహేను వేలలో మూడు మిగిలాయి. ఆ డబ్బుతో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి, చేతిలో ఉన్న ప్రాజెక్టు ఫుటేజీ అందులో, అయిపోయినవి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోమని అక్కకు చెప్పాను. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఇదివరకటిలా ఆగి ఆగి రావడం లేదట. ఆమెకు కావలసింది రెండు కోర్లు కాదు, ఇది.

చిప్ బాక్స్‌దే తీసుకున్నాం, ట్రే (బాక్స్ లేకుండా విడిగా అమ్మేది) కాదు. కొన్ని వందలు ఎక్కువ, కానీ ఏఎండీ మూడేళ్ల వారంటీ బాక్స్ చిప్‌కే ఉంటుంది, పైగా కూలర్ కూడా అందులోనే వస్తుంది.

నా షాపులో మారినవి

కొటేషన్ కాగితం మీద ఇదివరకు చిప్ పేరు, కోర్లు, ధర రాసేవాణ్ని. ఇప్పుడు కోర్ల పక్కన ఎల్3 ఎంత అని ఒక గడి గీశాను. నా చేత్తో ఆ అంకె రాయాలంటే నేను చూడాలి, చూస్తే 5700 లాంటిది జారిపోదు. పేరులో అక్షరం ఒక్కటి తేడా ఉన్నా అది వేరే మందు అనుకునే చూస్తున్నాను. 5500 కూడా ఇలాంటిదే, 5600కు చౌక తమ్ముడిలా కనిపిస్తుంది, దాని పెట్టె కూడా 16 ఎంబీయే.

ఎవరైనా ప్రాసెసర్ పేరుతో వస్తే ముందు మూడు అడుగుతున్నాను: ఏ గేమ్, ఏ మానిటర్, ల్యాగ్ వచ్చినప్పుడు శబ్దం కూడా ఆగుతుందా. పీసీ ఒక్కరిదేనా అన్నది నాలుగో ప్రశ్న. ఇంకొకరుంటే వాళ్లనూ మెషిన్ ముందు కూర్చోబెడుతున్నాను. బిట్‌లాకర్ కీ చేతిలోకి రాకుండా బయోస్ ముట్టుకోవడం లేదు, మా కుర్రాడికీ అదే చెప్పాను.

దీని కోసం తీసుకున్న సర్వీస్ చార్జీ చాలా తక్కువ, పెట్టిన టైం చాలా ఎక్కువ. కొలతలకు వేరే చార్జీ అంటే జనం ఒప్పుకోరు. దానికి నాకు ఇంకా దారి దొరకలేదు.

ఆ 5700 రెండు నెలలు షెల్ఫ్‌లో ఉంది. చివరికి ఒక ఫోటో స్టూడియోవాళ్లు ఆల్బమ్ డిజైన్ మెషిన్ అడిగితే, విషయం చెప్పి, నా చేతి నుంచి కొంత పోగొట్టుకుని అందులో వేశాను. వాళ్లు గేమ్‌లు ఆడరు, ఎనిమిది కోర్లూ అక్కడ పనికొస్తున్నాయి. ఈ కుర్రాడు దసరా సెలవుల్లో ఫోన్ చేశాడు, మళ్లీ ల్యాగ్ వస్తోందట. శబ్దం ఆగుతోందా అంటే లేదన్నాడు. పింగ్ ఎంత అంటే ఒక నిమిషం నిశ్శబ్దం. రూటర్ ఇంకా హాల్లోనే ఉంది. ఇరవై మీటర్ల లాన్ కేబుల్ కొనుక్కోమని చెప్పాను.